మార్క్‌డౌన్ టేబుల్లో ఎడమ పక్క కాలమ్‌ని హెడ్డింగ్ చేసేదెట్లా?

వరిమడి:

అందరికీ నమస్తే. మాది మిర్యాలగూడ దగ్గర. మా బాబాయికి విత్తనాల షాపుంది. వానాకాలం వచ్చిందంటే "ఈ రకం ఎన్ని రోజులకు కోతకొస్తది, యాసంగిల వేయొచ్చునా" అని పొద్దంతా ఫోన్లే. రోజూ అదే చెప్పుడు ఎందుకని గిట్‌హబ్ పేజెస్‌లో జెకిల్‌తోని (మార్క్‌డౌన్‌లో, అంటే చిన్న చిన్న గుర్తులతోని రాసిన ఫైలును వెబ్ పేజీ చేసే సాధనం) చిన్న సైటు పెట్టిన. ఒక్కటే పేజీ, అందులో ఒక్కటే టేబుల్. వాట్సాప్‌లో లింకు పంపితే అయిపోతది.

మొదట ఇట్లా రాసిన:

```
| బీపీటీ 5204 (సాంబమసూరి)        | బాపట్ల       | 150 | వానాకాలం |
| ఎంటీయూ 7029 (స్వర్ణ)            | మార్టేరు      | 150 | వానాకాలం |
| ఎంటీయూ 1010 (కాటన్‌దొర సన్నాలు) | మార్టేరు      | 120 | రెండూ    |
| ఆర్ఎన్ఆర్ 15048 (తెలంగాణ సోనా)   | రాజేంద్రనగర్ | 125 | రెండూ    |
```

సైట్లో మంచిగనే వచ్చింది. అదే ఫైలు గిట్‌హబ్ రిపోలో, అంటే అసలు ఫైళ్లుండే చోట, తెరిస్తే టేబుల్ లేనే లేదు. నిలువు గీతలతో సహా అంతా ఒక్క పేరాలో కలిసిపోయింది. పైన హెడ్డింగులు, వాటి కింద డాష్‌ల లైను పెట్టినంక రెండు చోట్లా సరిగ్గ వచ్చింది. ఎందుకో మాత్రం సమజ్ కాలే.

అసలు ప్రశ్న ఇది. పై వరస హెడ్డింగ్ అయింది గదా, ఎడమ పక్క రకాల పేర్లు గూడ హెడ్డింగులు కావాలె. ఇప్పటికైతే రెండేసి స్టార్లు పెట్టి బోల్డ్ చేసిన, చూసేటందుకు బాగనే ఉంది. కానీ మా షాపుకొచ్చే మాస్టారు ఒకాయనకు చూపు లేదు, ల్యాప్‌టాప్‌లో ఎన్‌వీడీఏ (తెర మీదున్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) పెట్టుకొని వింటడు. "నీ టేబుల్ల నాకు అంకెలే వినపడుతున్నయ్ గాని ఏది ఏ రకానిదో తెలుస్తలేదు" అన్నడు. బోల్డ్ సరిపోదా? దీనికి వేరే గుర్తేమన్నా ఉందా? లేకుంటే మార్క్‌డౌన్ వదిలేసి ఇంకోదానికి పోవాల్నా?

కర్లీబ్రేస్:

బ్రో, మార్క్‌డౌన్‌లో ఎడమ హెడ్డింగ్ లేదు, వెతకడం దండగ. స్టార్లు కూడా తీసేయ్. సీఎస్ఎస్‌లో (పేజీ రంగులు, రూపం రాసే చోటు) మొదటి కాలమ్‌కి బోల్డ్, వెనక లేత రంగు పెట్టు. రెండు లైన్ల పని. పై హెడ్డింగ్ వద్దనుకుంటే ఖాళీ గడులు పెట్టి కింద డాష్‌లు కొట్టు, గిట్‌హబ్ ఒప్పుకుంటుంది.

డాక్స్‌అక్క:

సీఎస్ఎస్ మాట కాసేపు పక్కన పెడదాం. ఆ మాస్టారికి రంగుతో పనేముంది?

వరిమడి గారూ, గిట్‌హబ్‌లో టేబుల్ ఎందుకు రాలేదో తెలిస్తే ఎడమ హెడ్డింగ్ ఎందుకు లేదో కూడా తెలిసిపోతుంది. అందుకని అక్కణ్నుంచే మొదలుపెడతాను. సాఫ్ట్‌వేర్ మాన్యువళ్లు రాయడం నా ఉద్యోగం, టేబుళ్లతో కుస్తీ రోజూ ఉండేదే. పైగా మాది బాపట్ల. 5204ని ఉత్త బోల్డ్‌తో సరిపెడతానంటే ఊరుకోను.

2004లో జాన్ గ్రూబర్ మార్క్‌డౌన్ విడుదల చేసినప్పుడు అందులో టేబుల్ లేదు. కావాలంటే నేరుగా హెచ్‌టీఎంఎల్ (వెబ్ పేజీల అసలు భాష) రాసుకోమన్నాడు. నిలువు గీతల టేబుల్ ఆ తర్వాత మిషెల్ ఫోర్టాన్ రాసిన పీహెచ్‌పీ మార్క్‌డౌన్ ఎక్స్‌ట్రా ద్వారా ప్రచారంలోకి వచ్చింది. ఇవాళ గిట్‌హబ్‌లో మనం రాసేది దాదాపు అదే. ఇక్కడ ఒక చిక్కుంది. నిలువు గీత మామూలు వాక్యాల్లో కూడా వస్తుంది. మరి ఇది వాక్యం కాదు, టేబులేనని పార్సర్ (మనం రాసింది చదివి పేజీగా మార్చే ప్రోగ్రాం) ఎలా పోల్చుకోవాలి? రెండో లైన్లో ఉండే డాష్‌లే దానికి ఆనవాలు. ఆ లైను ఉంటేనే టేబుల్. ఆ లైనుకి పైన ఉన్నది హెడ్డింగ్. అంటే హెడ్డింగ్‌ని గుర్తించే పని, అసలు టేబుల్‌ని గుర్తించే పని రెండూ ఆ ఒక్క లైను మీదే పడ్డాయి. అందుకే గిట్‌హబ్‌లో హెడ్డింగ్ లేని టేబుల్ ఉండదు. హెడ్డింగ్‌లో ఎన్ని గడులుంటే డాష్‌ల లైన్లోనూ అన్నే ఉండాలి, ఒకటి తేడా వచ్చినా దాన్ని టేబుల్ కిందే లెక్కెయ్యదు. కింది వరసల్లో మాత్రం చూసీచూడనట్టు పోతుంది. గడి తక్కువైతే ఖాళీది కలుపుతుంది. ఎక్కువైతే ఆ ఎక్కువైనదాన్ని చప్పుడు చెయ్యకుండా పారేస్తుంది. ధరల టేబుల్లో చివరి కాలమ్ కనబడటం లేదని ఎవరైనా గోల పెడితే నేను ముందు చూసేది ఇదే.

మీ జెకిల్ సైటు వాడేది క్రామ్‌డౌన్ అనే వేరే మార్క్‌డౌన్ పార్సర్. దాని పద్ధతి వేరు. డాష్‌ల లైను లేకపోయినా గీతలున్న వరసలు చూస్తే టేబుల్ కట్టేస్తుంది, హెడ్డింగ్ లేకుండానే. అందుకే సైట్లో వచ్చింది, గిట్‌హబ్‌లో రాలేదు. ఈ ఉదారానికి ఖరీదు కూడా ఉంది. ఒక్క లైనే ఉన్న పేరాలో ఎక్కడైనా "బస్సు | రైలు" అని రాశారనుకోండి, అదీ టేబులైపోతుంది. అలాంటి చోట గీత ముందు వెనక్కి వాలిన గీత పెట్టాలి.

ఇప్పుడు ఎడమ హెడ్డింగ్. గుర్తు పెడుతున్నది గడికా, వరసకా అన్నదే ఇక్కడ అసలు తేడా. మార్క్‌డౌన్ కుటుంబంలో గుర్తు వరసకి. డాష్‌ల గీతకి పైన ఉన్నది హెడ్డింగ్, కింద ఉన్నది సమాచారం, అంతే. ఎడమా కుడీ అన్న ఊహే అందులో లేదు. ఫ్లెచర్ పెన్నీ మల్టీమార్క్‌డౌన్‌లో పైన ఒకటికి మించి హెడ్డింగ్ వరసలు పెట్టుకోవచ్చు, గడులు కలపొచ్చు, ఎడమకి మాత్రం అక్కడా దారి లేదు. ఈమధ్య, 2022లో, పాండాక్ (ఒక రాత పద్ధతిలోంచి ఇంకోదానిలోకి ఫైళ్లు మార్చే సాధనం) రాసిన జాన్ మాక్‌ఫార్లేన్ జోట్ అనే కొత్తదాన్ని తెచ్చారు. అందులో హెడ్డింగ్ తప్పనిసరి కాదు, టేబుల్ మధ్యలో కూడా కొత్త హెడ్డింగ్ వరస పెట్టుకోవచ్చు. చాలా నయం. కానీ గుర్తు అందులోనూ వరసకే.

పాత వికీల వాళ్లు గుర్తుని గడికి పెట్టారు. నాకు అన్నిటికంటే నచ్చేది డోకువికీ:

```
^ రకం         ^ పుట్టిన చోటు ^ రోజులు ^
^ బీపీటీ 5204  | బాపట్ల        | 150    |
^ ఎంటీయూ 7029 | మార్టేరు       | 150    |
```

టోపీ గుర్తుతో మొదలైన గడి హెడ్డింగ్, నిలువు గీతతో మొదలైంది మామూలు గడి. ఏ గడికైనా సరే. వేరే డాష్‌ల లైను అక్కర్లేదు, నియమం ఒక్కటే. జిరాలో పాత వికీ రాత ఇదే పద్ధతి, టోపీకి బదులు జంట గీతలు. టెక్స్‌టైల్‌లో గడి మొదట్లో గీత, అండర్‌స్కోర్, చుక్క. క్రియోల్‌లో గీత పక్కన సమానం గుర్తు. చూడ్డానికి వేరువేరుగా ఉన్నా అన్నిటిదీ ఒకటే ఆలోచన. ఇరవయ్యేళ్ల కిందటి వికీల్లో సుఖంగా ఉన్న ఈ సదుపాయాన్ని మార్క్‌డౌన్ గెలుపుతో అందరం పోగొట్టుకున్నామని నా ఫిర్యాదు.

ఆస్కీడాక్ అనే ఇంకో రాత పద్ధతిలోనూ ఎడమ హెడ్డింగ్ ఉంది. కాలమ్‌లు వివరించే చోట మొదటి కాలమ్‌కి హెచ్ అనే ఒక్క అక్షరం చేరిస్తే ఎడమ కాలమ్ అంతా హెడ్డింగే. కానీ దాని పై హెడ్డింగ్ సంగతి జాగ్రత్త. టేబుల్ మొదలుపెట్టే గీత కింద వెంటనే మొదటి వరస రాసి, దాని కింద ఒక ఖాళీ లైను వదిలితే ఆ వరస దానంతటదే హెడ్డింగ్ అయిపోతుంది. ఖాళీ లైను అర్థాన్ని మార్చేయడం నాకు సుతరామూ నచ్చదు. చదవడానికి వీలుగా ఉంటుందని ఎవరో లైను వదులుతారు, బీపీటీ 5204 పైకెక్కి కూర్చుంటుంది.

రీస్ట్రక్చర్డ్‌టెక్స్ట్ అయితే లిస్ట్-టేబుల్ అని ఒకటుంది. అందులో పైన ఎన్ని వరసలు, ఎడమ ఎన్ని కాలమ్‌లు హెడ్డింగులో అంకెల్లో చెప్పేయొచ్చు. ఎడమవాటిని అందులో స్టబ్ కాలమ్‌లు అంటారు. హెచ్‌టీఎంఎల్‌కి మార్చినప్పుడు అవి నిజమైన టీహెచ్ గడులుగానే, అంటే హెడ్డింగ్ గడులుగానే వస్తాయి.

ఇన్ని చెప్పింది మిమ్మల్ని మార్క్‌డౌన్ మానేయమనడానికి కాదు. ఒక్క టేబుల్ కోసం సైటంతా మార్చక్కర్లేదు. మీ పనికి ఏది కుదురుతుందో తర్వాత చెప్తాను. ముందు వినేవాళ్లెవరైనా మాట్లాడితే బాగుంటుంది.

చెవిచదువు:

పిలిచినట్టే ఉంది, వచ్చాను. నేను బ్యాంకులో పని చేస్తాను, పుట్టు గుడ్డివాణ్ని. నేను వాడేదీ ఎన్‌వీడీఏనే.

మీ మాస్టారికి ఏం జరుగుతోందో చెప్తాను. టేబుల్లో మేం కంట్రోల్, ఆల్ట్ పట్టుకుని బాణాలతో తిరుగుతాం. అడ్డంగా పోతే కాలమ్ మారుతుంది కాబట్టి కొత్త కాలమ్ హెడ్డింగ్ చదివి, గడిలో ఉన్నది చదువుతుంది: "రోజులు, 150". నిలువుగా దిగితే కాలమ్ మారలేదు కదా, ఆ హెడ్డింగ్ మళ్లీ చెప్పదు. అప్పుడు చెప్పాల్సింది ఎడమ హెడ్డింగ్. అది లేకపోతే ఏం వినపడుతుంది? వరస నంబరు, 150. వరస నంబరు, 150. మళ్లీ వరస నంబరు, 120. మీ టేబుల్లో సాంబమసూరికీ స్వర్ణకీ ఒకటే అంకె. ఏది ఎవరిదో తెలియాలంటే ప్రతిసారీ ఎడమ చివరిదాకా వెళ్లి పేరు విని, మళ్లీ వెనక్కి రావాలి. నాలుగు వరసలు కాబట్టి సరిపోయింది. మా ఆఫీసులో వడ్డీ రేట్ల టేబుళ్లు ఇలాగే వస్తాయి, వాటిని తల్చుకుంటేనే నీరసం.

ఎడమ గడి హెడ్డింగ్ అయితే కింద బాణం కొట్టగానే "ఎంటీయూ 1010, 120" అంటుంది. మాకు కావాల్సింది అదే.

బోల్డ్ విషయం. అక్షరాల మందం చదివి వినిపించే సెట్టింగ్ ఉంది కానీ నాలాంటి వాళ్లు దాన్ని ఆపేసుకుంటారు, లేకపోతే అడుగడుక్కీ బోల్డ్ బోల్డ్ అంటుంది. పెట్టుకున్నా అది పక్క గడితో సంబంధం చెప్పదు. కర్లీబ్రేస్ గారి ఖాళీ హెడ్డింగ్ సలహా మాకు ఇంకా నష్టం. టేబుల్ ఉందంటుంది, కాలమ్‌లకి పేర్లుండవు. ఖాళీ పెట్టే బదులు ఏదో ఒక పేరు పెట్టండి, దయచేసి.

మాస్టారిని సెట్టింగ్స్‌లో డాక్యుమెంట్ ఫార్మాటింగ్‌లోకి వెళ్లి టేబుల్ హెడర్లు ఆన్‌లో ఉన్నాయేమో చూసుకోమనండి. అవి ఆపేసి ఉంటే మీరెంత చేసినా వినపడవు.

కర్లీబ్రేస్:

@చెవిచదువు, ఇలా వినపడుతుందని నాకు తెలియదండి. సీఎస్ఎస్ సలహా రద్దు.

అయితే డాక్స్‌అక్కా, ఒక డౌటు. డోకువికీ టోపీ పెడితే వచ్చేది ఉత్త టీహెచ్ కదా, స్కోప్ (హెడ్డింగ్ వరసకా కాలమ్‌కా అని చెప్పే మాట) ఏమీ రాయదు. అది పై హెడ్డింగో ఎడమ హెడ్డింగో బ్రౌజరుకి ఎలా తెలుస్తుంది?

డాక్స్‌అక్క:

హెచ్‌టీఎంఎల్ ప్రమాణంలోనే దానికి లెక్కుంది. ఆ అడ్డ వరసలో మామూలు గడి ఒక్కటీ లేకపోతే అక్కడి టీహెచ్ కాలమ్‌కి హెడ్డింగ్. అలా కాక ఆ నిలువు కాలమ్‌లో మామూలు గడి ఒక్కటీ లేకపోతే వరసకి హెడ్డింగ్. వరిమడి గారి టేబుల్ లాంటి వాటిలో ఇది ఇట్టే తేలిపోతుంది. మధ్యలో ఉపశీర్షికలు, కలిపిన గడులు వస్తేనే స్కోప్ విడిగా రాయాలి. చేతితో రాస్తుంటే ఎలాగూ రాసెయ్యడమే మేలు.

వికీపురుగు:

తెలుగు వికీపీడియాలో టేబుళ్లు సవరించేవాళ్ల కోసం ఒక మాట, ఇక్కడ ఎవరూ చెప్పలేదు కాబట్టి. మీడియావికీలో హెడ్డింగ్ గడికి ఆశ్చర్యార్థకం. వరస మొదట్లో దాన్ని పెడితే ఎడమ హెడ్డింగ్ వస్తుంది. తంటా ఎక్కడంటే, ఆశ్చర్యార్థకంతో మొదలైన లైన్లో ఆ తర్వాత జంట గీతలు పెట్టి ఎన్ని గడులు రాసినా అన్నీ హెడ్డింగులే అవుతాయి. ఇలా:

```
|-
! బీపీటీ 5204 || బాపట్ల || 150
```

ఇది తప్పు, 150 కూడా హెడ్డింగే. సమాచారం కింది లైన్లోకి దించాలి:

```
|-
! బీపీటీ 5204
| బాపట్ల || 150
```

జిల్లాల జాబితాల్లో, ఎన్నికల ఫలితాల పేజీల్లో వరసంతా ముదురుగా, మధ్యకి జరిగి కనిపిస్తే తొంభై పాళ్లు ఇదే కారణం.

వరిమడి:

అందరికీ మస్తు థ్యాంక్స్. చెవిచదువు సార్ చెప్పినట్టే మాస్టారికి అవుతున్నది, ఫోన్ చేసి అడిగిన. సెట్టింగ్ ఆన్‌లోనే ఉందట.

అక్కా, రెండు అడగాలె. ఒకటి, రీస్ట్రక్చర్డ్‌టెక్స్ట్‌లో ప్లస్సులు డాష్‌లతోని డబ్బాలు గీసే టేబుల్ చూసిన, అందంగ అనిపించి ఊరికె ప్రయత్నం చేసిన. ఇంగ్లిష్‌లో వచ్చింది, తెలుగులో రాస్తే టేబుల్ తప్పు అని ఎర్రగ ఎర్రర్. నిలువు గీతలన్నీ కంటికి వరసగనే ఉన్నయ్. రెండోది, నా సైటుకు ఏం చేస్తె మంచిది? టేబుల్ మార్చేది ఎక్కువగ మా బాబాయే, ఆయనకు ఎక్సెల్ తప్ప వేరే తెల్వదు.

డాక్స్‌అక్క:

మొదటిది, కంటికి వరసగా ఉన్నాయి కాబట్టే ఎర్రర్ వచ్చింది. ఆ డబ్బాల టేబుల్‌ని పార్సర్ స్థానాల లెక్కతో చదువుతుంది. ప్లస్సు ఏ స్థానంలో ఉందో కింద లైన్లో గీత కూడా ఆ స్థానంలోనే ఉండాలి. తెలుగులో కంటికి కనిపించే అక్షరం వేరు, కంప్యూటరు లెక్కపెట్టేది వేరు. "స్త్రీ" మనకి ఒక్క అక్షరం. యూనికోడ్‌లో ఆరు కోడ్‌లు: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం. మీ "కాటన్‌దొర"లో న్‌కీ దొకీ మధ్య కంటికి కనిపించని ఒక విడదీసే గుర్తు కూడా ఉంటుంది, అదీ లెక్కలోకి వస్తుంది. కంటికి సరిచేస్తే లెక్క తప్పుతుంది, లెక్క సరిచేస్తే కంటికి వంకరగా కనిపిస్తుంది. మోనోస్పేస్ ఫాంటు అన్నా తెలుగు గుణింతాలు, ఒత్తులు ఒకే వెడల్పులో ఇమడవు కాబట్టి అదీ ఆదుకోదు. డబ్బాలు తెలుగువాళ్ల కోసం కాదు, వదిలేయండి. నిలువు గీతల టేబుళ్లలో ఈ బాధ లేదు, గీతలు ఎలా వంకర పోయినా గడులు గడులే. ఎమాక్స్‌లో ఆర్గ్‌మోడ్ వాడేవాళ్లకీ ఇదే మాట. తెలుగు కాలమ్‌లు కంటికి ఎగుడుదిగుడుగా కనిపిస్తాయి, ఎగుమతి చేస్తే శుభ్రంగా వస్తాయి.

రెండోది. మీ బాబాయి ఎక్సెల్ అనగానే నాకు ప్రాణం లేచొచ్చింది. టేబుల్‌ని మార్క్‌డౌన్‌లో రాయనే వద్దు. జెకిల్‌లో డేటా ఫోల్డరుంటుంది, పేరుకి ముందు అండర్‌స్కోర్ ఉండేది. అందులో సీఎస్‌వీ ఫైలు (గడుల మధ్య కామాలతో ఉండే ఉత్త టెక్స్ట్ టేబుల్) పెట్టండి. మొదటి లైను రకం, పుట్టిన చోటు, రోజులు, కాలం. పేజీలో లిక్విడ్‌తో (జెకిల్ పేజీలోకి డేటా నింపే చిన్న భాష) ఆ ఫైలు మీద ఒక లూపు తిప్పండి. లూపు లోపల మొదటి గడిని టీహెచ్‌గా, స్కోప్ రో అని, మిగతావాటిని టీడీగా, అంటే మామూలు గడులుగా రాయండి. ఒక్కసారి రాస్తే చాలు, ఇక బాబాయి ఎన్ని రకాలు చేర్చినా ఎడమ హెడ్డింగ్ దానంతటదే వస్తుంది. గిట్‌హబ్ కూడా సీఎస్‌వీ ఫైలుని టేబుల్ లాగే చూపిస్తుంది, మీ మొదటి గొడవా తీరింది.

జాగ్రత్త పడాల్సినవి చెప్తాను. ఎక్సెల్‌లో మామూలు సీఎస్‌వీగా సేవ్ చేస్తే తెలుగంతా ప్రశ్నార్థకాలైపోతుంది. గూగుల్ షీట్స్‌లో ఉంచి అక్కణ్నుంచి సీఎస్‌వీ దించుకోమనండి, హాయి. లిక్విడ్‌లో కాలమ్ పేరు తెలుగులో ఉంటే చుక్క పెట్టి పిలవకండి, చదరపు బ్రాకెట్లలో కోట్స్ మధ్య రాయండి. ఇక ఎప్పుడైనా లూపు లేకుండా మార్క్‌డౌన్ ఫైల్లోనే నేరుగా హెచ్‌టీఎంఎల్ టేబుల్ రాయాల్సి వస్తే మధ్యలో ఖాళీ లైను వదలొద్దు. గిట్‌హబ్ వాడే కామన్‌మార్క్ పద్ధతిలో ఖాళీ లైను దగ్గర హెచ్‌టీఎంఎల్ ముక్క ముగిసినట్టే. దాని తర్వాతి లైను నాలుగు స్పేసులు లోపలికి జరిగి ఉంటే కోడ్ అనుకుని ట్యాగులు ట్యాగులుగానే చూపిస్తుంది.

వరిమడి:

అయింది అక్కా! సీఎస్‌వీ పెట్టిన, లూపు నడుస్తున్నది. మాస్టారు విని "ఇప్పుడు పేరు చెప్తున్నది" అన్నడు. ఇంకొక్కటే. ఎడమ పై మూల గడిలో "రకం" అని ఉంచాల్నా, ఖాళీగ వదలాల్నా? ఎక్సెల్‌లో బాబాయి దాన్ని ఖాళీ పెడుతుండు.

చెవిచదువు:

ఉంచండి. మొదటి కాలమ్‌లోకి వచ్చినప్పుడు మాకు వినపడే పేరు అదే.

డాక్స్‌అక్క:

అదొక్కటే కాదు. సీఎస్‌వీలో ఆ గడి ఖాళీ అయితే జెకిల్‌కి ఆ కాలమ్‌ని పిలవడానికి పేరే ఉండదు, ఎడమ హెడ్డింగులన్నీ ఖాళీగా వస్తాయి. షీట్స్‌లో పై వరసని లాక్ చేసి బాబాయికి ఇవ్వండి.